ఏడో మంచం మీది బీరు

సౌదీ అరేబియాలో ఇంట్లో బీరు తయారు చేయడానికి కావలసిన మొదటి వస్తువు సెలవు దరఖాస్తు. రెండవది మూత ఉన్న నీలం డ్రమ్ము. మిగతావి ఏ బకాలాలోనైనా దొరుకుతాయి. (బకాలా అంటే మన కిరాణా కొట్టే.) ఈ పని ఇక్కడ నిషిద్ధమని తెలియక కాదు. దొరికితే జైల్లో పెట్టి, ఆ తరవాత దేశం నుంచే పంపించేస్తారు. ఊరికి వెళ్లడానికి ఉన్న మార్గాలన్నింటిలో కాస్త త్వరగా తెమిలేది ఇదేనని మా క్యాంపులో గట్టి అభిప్రాయం.

అల్ ఖర్జ్ దగ్గర ఒక పాడి ఫారం క్యాంపు, పద్నాలుగో గది, ఆరుగురం. మాలో హన్మాండ్లు పైపుల పని చేస్తాడు. అతని సెలవు దరఖాస్తు పదకొండు నెలలుగా కంపెనీ యాప్‌లో ‘పరిశీలనలో ఉంది’. అతను ఇక్కడికి వచ్చాక జగిత్యాలలో పుట్టిన కూతురికి ఇప్పుడు ఏడాదిన్నర. ఆ పిల్ల ఫోనునే బాపు అంటుంది. ఫోను చార్జింగులో ఉంటే బాపు పడుకున్నాడని సైగ చేస్తుందట.

ఈ నెల గదికో సెలవు ఇస్తారని టైమ్‌కీపర్ పీర్ సాహెబ్ చెప్పాడు. మా గదిలో దరఖాస్తు పెట్టింది హన్మాండ్లు ఒక్కడే. మంజూరైన రోజు తాగడానికి ఏదైనా ఉండాలి కదా! సాంకేతిక బాధ్యత రాజేశానికి అప్పగించాం. ఇక్కడ ఆవుల కొట్టాలు కడుగుతాడు గానీ, వాళ్లది తాతల నుంచీ కల్లు గీసే ఇల్లు.

“పొద్దుగాల దించిన కల్లు పగటీలికి నురుగు కడ్తది. దీనికి పదిహేను దినాలా? ఇది గూడ ఆఫీసులనే పుట్టిందా ఏంది?” అని విసుక్కుంటూనే అతను పని మొదలుపెట్టాడు.

గది ఏసీ ఆఫీసు చేతిలో ఉంటుంది. ఆ చలికి సరుకు పులవదని డ్రమ్మును ఏడో మంచం మీద గోడకు ఆనించి, నిండా రగ్గు కప్పాం. ఆ మంచం భూమేష్‌ది. అతను మూడేళ్ల కిందటే పని మానేసి నిజామాబాద్‌లో బైకుల రిపేరు షాపు పెట్టుకున్నాడు. యాప్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. (యాప్ కూడా అడగలేదు.) అందువల్ల మా గదిలో ఒక మనిషి తక్కువ ఉన్నాడంటూ కడపవాడైన పీర్ సాహెబ్‌కు ప్రతి వారం మెమో వచ్చేది.

ఐదో రోజు ఆయన తనిఖీకి వచ్చి, రగ్గు చూసి ఆగాడు. “ఎవరబ్బా ఇది, ముసుగేసుకోని కూర్చున్యాడు?”

హన్మాండ్లు మంచానికి అంటించిన పాత కాగితం మీద ఉన్న పేరు చదివాడు. “భూమేష్, సాబ్. పానం మంచిగ లేదు.”

పీర్ సాహెబ్ మొహం వెలిగిపోయింది. మూడేళ్ల తరవాత లెక్క సరిపోయింది మరి! వంగి విన్నాడు. “కడుపులో గుడగుడమంటాండాదే. పులిసిన వాసన గూడా వస్తాంది. అజీర్తి నాయనా, మజ్జిగ తాపండి” అని సిక్ లీవు రాసుకున్నాడు. యాప్‌లోని డాక్టరు వీడియోలో రోగిని పలకరించాడు. రోగి పలకలేదు. ‘తీవ్ర నీరసం’ అని రాశాడు.

సర్క్యులర్ 9(బి) ప్రకారం పది రోజులు మంచం దిగని కార్మికుడికి దరఖాస్తు లేకుండానే సెలవు ఇవ్వాలి. ఈ నిబంధన మాకు తెలియదు. మంచం దిగకుండా ఉండగలిగిన మనిషి ఇంతవరకు ఈ క్యాంపులో పుట్టలేదు.

పదిహేనో రోజు పొద్దున అందరి ఫోన్లూ మోగాయి. ‘గది 14కు సెలవు మంజూరు.’ హన్మాండ్లు ఏడ్చేశాడు. వెంటనే ఇంటికి ఫోను చేసి, “శ్రీలతా, వస్తున్ననే. బిడ్డకు జెప్పు, బాపు ఫోన్లకెల్లి బయటికొస్తుండని” అన్నాడు. అతను అలా ఏడుస్తూనే నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

డ్రమ్ము తెరిచాం. కల్లు కుండ చూసినట్టు రాజేశం రోజూ పొద్దున్నే మూత తీసి, వేలు ముంచి, నాకి చూశాడట. గాలి తగిలి అది బీరు కాలేదు, చిక్కటి పులుసయింది. బాత్రూంలో పారబోశాం. ఎవరికీ బాధ లేదు, సెలవు వచ్చింది కదా. మధ్యాహ్నానికల్లా హన్మాండ్లు అట్టపెట్టెకు తాడు కట్టేశాడు.

సాయంత్రం పీర్ సాహెబ్ కాగితం తెచ్చాడు. అందులో భూమేష్ పేరుంది.

“మరి నాది, సాబ్?”

“గదికి ఒకటే కదా హన్మాండ్లూ. నీకు జబ్బు ల్యాకపాయె, నేనేం జేసేది?” ఆయన ఖాళీ మంచం వైపు చూశాడు. “ఏడీ? అప్పుడే బయల్దేరినాడా?”

“పొద్దుగాలనే పోయిండు, సాబ్” అన్నాడు రాజేశం.

పీర్ సాహెబ్ తృప్తిగా యాప్‌లో టిక్కు పెట్టాడు. నాకు డ్రమ్ము తీసుకుని ఎవరినైనా కొట్టాలనిపించింది గానీ, ఎవరిని కొట్టాలో తెలియలేదు.

హన్మాండ్లు దరఖాస్తు మాత్రం పదకొండు నెలల తరవాత ఆ రాత్రే కదిలింది. ‘పరిశీలనలో ఉంది’ అన్న చోట ఇప్పుడు ‘భూమేష్ తిరిగి రాగానే’ అని ఉంది.