లంగరు వేసిన ఇల్లు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆడపడుచు వచ్చేసరికి మామగారు గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, కిటికీ పక్క కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉండాలి. ఇల్లు అద్దంలా మెరవాలి. భర్త నోరు విప్పకూడదు. అంతే.

ఆడపడుచు అంటే మామూలు ఆడపడుచు కాదు, హెడ్మిస్ట్రెస్. ఆవిడ దగ్గితే రెండు వీధుల అవతల ఉయ్యాల్లో పిల్లలు కూడా చేతులు కట్టుకుంటారని ప్రతీతి. "నాన్నని చూసుకోవడం మీ వల్ల అయ్యే పని కాదు. మంచి వృద్ధాశ్రమం చూశాను. రేపు కారు తీసుకుని వస్తున్నా. ఇల్లు ప్రశాంతంగా కనిపిస్తే సరే, లేకపోతే ఆయన బట్టలు సర్దేయండి" అని ముందురోజే ఫోనులో తీర్పు చెప్పేసింది. మామగారిని పంపేది లేదని కోడలు అప్పుడే అనుకుంది.

మామగారు ఒకప్పుడు పెద్ద ఏటి మీద పడవ నడిపిన సరంగు. ఆయన ముడి వేస్తే పడవని కదిలించడానికి ఏరే వచ్చి అనుమతి అడిగేదట. ఇప్పుడు మతిమరుపు జబ్బు వచ్చింది. కొడుకు పేరు, అన్నం తిన్న సంగతి, తానున్న ఇల్లు, ఒక్కొక్కటీ ఆయన పడవ దిగి వెళ్ళిపోయాయి. చేతులు మాత్రం దిగలేదు. "పాత పని ఏదైనా చేతికివ్వండమ్మా, మనసు కుదుటపడుతుంది" అని నర్సు చెప్పింది. కోడలు బారెడు తాడు ఇచ్చింది. ఆయన ముడులు వేస్తూ, విప్పుతూ, మధ్యమధ్య కిటికీలోంచి గాలివాటం చూస్తూ, ఎవరికీ కనిపించని ఏటి మీద హాయిగా సాగిపోయేవాడు.

"తాడు చాల్లేదమ్మా" అన్నాడు ఆ ఉదయం.

"వెనక గదిలో ఉంది, తెచ్చుకోండి మామయ్యా" అంది కోడలు గిన్నెలు తోముతూ.

ఆమె మనసులో ఉన్నది మూరెడు ముక్క. వెనక గదిలో ఉన్నది పక్కింటి రంగుల మేస్త్రి తాడు. మేడల గోడలకి వేలాడుతూ రంగులు వేయడానికి వాడే తాడుచుట్ట, చోటు చాలక వీళ్ళింట్లో పడేశాడు. దాన్ని విప్పుకుంటూ పోతే చందమామ దాకా వెళ్ళి, అక్కడ ఓ చుట్టు తిప్పి, మిగిలింది ఇంటికి తెచ్చుకోవచ్చు.

చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చిన కోడలు కొయ్యబారిపోయింది. మంచం బీరువాకి, బీరువా ఫ్రిజ్జుకి కట్టేసి ఉన్నాయి. ఫ్రిజ్జు నుంచి తాడు గుమ్మం దాటి వెళ్ళి మేస్త్రి గేటుని బిగించి పట్టుకుంది. నడుమ, కుర్చీకి కట్టేసిన భర్త సగం గడ్డంతో, సగం నురగతో కూర్చుని ఉన్నాడు.

"ఏమండీ! మిమ్మల్ని కట్టేస్తుంటే చూస్తూ కూర్చున్నారా?"

"నాన్న 'కదలకురా, బరువు ఒరిగిపోతుంది' అన్నాడు. కదల్లేదు. చిన్నప్పటి అలవాటు."

"ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటైనా అలవాటు కాలేదేం?"

ఆమె ముడి విప్పబోయింది. గోరు విరిగింది గానీ ముడి వదల్లేదు. కత్తి తెచ్చింది. ముసలాయన కళ్ళు భయంతో పెద్దవయ్యాయి.

"కొయ్యకమ్మా! నీళ్ళు లోతు. జనం ఉన్నారు."

కోడలు కత్తి దించేసింది.

ఇంతలో బయట గోల. మేస్త్రి గేటు తెరుచుకోలేదు. బిగుసుకున్న తాడు చూశాడు, అది ఎటు పోయిందో చూశాడు, తల పట్టుకున్నాడు. "ఓరి నాయనో! వీళ్ళ ఇల్లు ఒరిగిపోతోంది! నా గేటుకి కట్టుకుని ఆపుకుంటున్నారు పాపం! రండర్రా, లాగండి!" అని వీధి అదిరేలా కేకపెట్టాడు. వీధి వీధంతా వచ్చి తాడు పట్టుకుంది. హెడ్మిస్ట్రెస్ కారు దిగి, విసురుగా లోపలికి అడుగుపెట్టడం, జనం ఒక్కసారిగా లాగడం ఒకేసారి జరిగాయి. ఫ్రిజ్జు జరజరా జారి వచ్చి ఆవిడ వెనకే గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది.

"ఏమిటీ సంత?" అందావిడ.

"కూర్చోండమ్మా, నిలబడితే పడవ ఊగుతుంది" అన్నాడు సరంగు.

జన్మలో ఇతరులని కూర్చోమని, నిలబడమని చెప్పడమే గానీ చెప్పించుకోవడం ఎరగని మనిషి. కూర్చుంది.

"మామయ్యకి ఏదో చిన్న వ్యాపకం, వదినా..."

"చిన్న వ్యాపకమా? వీధంతా ఇందులోనే ఉంది కదే! ముందు విప్పమను."

"రేవొస్తే గానీ విప్పను. తెడ్డు వేస్తే రేవొస్తుంది" అంటూ ముసలాయన ఆవిడ చేతికి చీపురు ఇచ్చాడు. కొడుక్కి గొడుగు, కోడలికి పెద్ద గరిటె.

వేరే దారి లేక వేశారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. బయట జనం లాగుతూ, వదులుతూ ఉంటే తాడు మెల్లగా ఊగింది, దానితో మంచం ఊగింది. కిటికీ తెర కదిలినప్పుడల్లా ఎండ నేల మీద అలలు అలలుగా పాకింది. ఎక్కడి నుంచో తడి ఇసుక వాసన వచ్చిందని కోడలికి అనిపించింది. గోడలు వెనక్కి వెళ్ళిపోతున్నాయి. సరంగు నిటారుగా నిలబడ్డాడు. గొంతులో వణుకు లేదు. "ఎడమకి... నెమ్మదిగా... అదీ" అంటున్నాడు.

"రేవొచ్చింది."

ఆయన ఒక్క కొస పట్టి లాగాడు. ఇంట్లో ఉన్న ముడులన్నీ పూలు రాలినట్టు రాలిపోయాయి. వీధిలో జనమంతా వెల్లకిలా పడ్డారు. "ఇల్లు నిలబడింది!" అని కింద నుంచే మేస్త్రి జయజయధ్వానం చేశాడు.

"నువ్వు దిగరా. నువ్వూ దిగమ్మా" అన్నాడు సరంగు కొడుకుతోనూ కోడలితోనూ. హెడ్మిస్ట్రెస్ లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు కూర్చోండమ్మా. మీ రేవు ఇంకా రాలేదు."

ఆవిడ చీపురు ఒళ్ళో పెట్టుకుంది.

"చిన్నప్పుడు నాన్న బడి రేవులో రోజూ నన్నే ముందు దించేసేవాడు. ఇంకాసేపు ఉండమ్మా అని ఒక్కరోజూ అనలేదు" అంది తమ్ముడితో, నేల చూస్తూ. తర్వాత ఫ్రిజ్జు మీంచి తల బయటికి పెట్టి, "డ్రైవరూ, నువ్వెళ్ళవయ్యా. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ రావడం లేదు" అంది.

కోడలు కళ్ళు తుడుచుకుంది. మామగారు ఇక ఎక్కడికీ వెళ్ళరు.

ఇది జరిగి చాలా రోజులైంది. ఆడపడుచు బడికి సెలవు పెట్టి ఇక్కడే ఉంది. పడవ మళ్ళీ బయల్దేరింది గానీ ఆవిడ రేవు ఇంకా రాలేదు. ఈలోగా వంటిల్లు సర్దే పద్ధతి, బట్టలు ఆరేసే పద్ధతి, మొగుణ్ణి అదుపులో పెట్టే పద్ధతి కోడలికి దగ్గరుండి నేర్పుతోంది.

ఇప్పుడు ఆ ఇంట్లో అందరికన్నా జోరుగా తెడ్డు వేసేది కోడలే.