డౌనైన బ్యాటరీ కావలెను

ఆగండాగండి, ఎక్కడికా తొందర? మదనపల్లె నరేంద్ర సంగతి విని కదలండి, రెండే నిమిషాలు!

2004 నాటి మాట. బాడుగ జీపు నడిపే నరేంద్ర, పుంగనూరులో కదిరప్ప దుకాణం నుంచి ఓ ఎర్ర డబ్బా తెచ్చాడు. బండి బ్యాటరీ డౌనైతే దాని క్లిప్పులు రెండూ తగిలించి తాళం తిప్పితే చాలట, తోసే పనే లేకుండా బుర్రుమంటుందట! "రేపు సాయంత్రం దాకా పరీక్ష చేసుకో నరేంద్రా. నచ్చకుంటే తెచ్చిచ్చెయ్. పొద్దు మునిగినాక తెస్తే మాత్రం తీసుకోను" అన్నాడు కదిరప్ప.

పరీక్షకు డౌనైన బ్యాటరీ కావాలి. నరేంద్ర బ్యాటరీ చూస్తే దుక్కలా ఉంది. అందుకని తెల్లవారి ఐదింటికే జీపు హెడ్‌లైట్లు వేసి వదిలేశాడు!

"నీకేమన్నా పిచ్చా?" అంది భార్య ఇందు. "పదకొండుకి కుప్పంలో నాకు టీచరుద్యోగం ఇంటర్వ్యూ ఉండాది. బాగుండే బండిని యాల సంపుతాండావు?"

"దోవలో బైరెడ్డిపల్లె కాడ ఆగిపోతే ఎవురు తోస్తారు? డబ్బా పనిచేస్తాదని తెలిస్తే ధైర్యంగా పోవచ్చు గదమ్మే! ఎనిమిదికల్లా బయల్దేరతాం, సూడు."

కానీ ఆ వీధిలో తెల్లారాక లైట్లు వెలిగే బండిని ఎవరైనా ఊరికే వదులుతారా? "లైటు! లైటు!" అంటూ వేళ్లు తెరిచి మూసి చూపించని మనిషి లేడు. పాలాయన గంగులప్ప జీపులో చెయ్యి పెట్టి ఆర్పేశాడు. నరేంద్ర వేశాడు. రామక్క ముగ్గు గిన్నె కింద పెట్టి మరీ వచ్చి ఆర్పింది.

"యాల ఆర్పినావక్కా?"

"బ్యాటరీ పోతాదప్పా!"

"పోవాలనే గదా నేనేసింది!"

రామక్క ఇందు వైపు తిరిగి, "ఈయప్పకు జొరమేమన్నా తగిలిందా తల్లీ?" అంది.

నరేంద్ర మళ్లీ లైట్లు వేసి, ఏడున్నరకు స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి లైట్లు లేవు. స్విచ్చి మాత్రం వేసే ఉంది! తాళం తిప్పితే చప్పుడే లేదు. "డౌనైంది! ఇందూ, డౌనైంది!" అని గంతులేశాడు. బానెట్ ఎత్తి, డబ్బా క్లిప్పులు రెండూ బ్యాటరీకి తగిలించి, తాళం తిప్పాడు. ఊహూ. మళ్లీ తిప్పాడు. ఊహూ!

"నలుగుర్ని పిలుస్తా, తోద్దాం రాప్పా" అంది ఇందు.

"తోస్తే ఇంక పరీక్ష ఏముండాది?"

క్లిప్పులు తీశాడు, పెట్టాడు, తీశాడు. ఎస్‌టీడీ బూత్‌కు పరుగెత్తి కదిరప్పను పావుగంట తిట్టొచ్చాడు. తొమ్మిదిన్నరయింది. ఇందు ముఖం మాడిపోయింది.

అప్పుడొచ్చాడు పక్కింటి రెడ్డెప్ప, టమాటా మండీ నుంచి నవ్వుకుంటూ. "నరేంద్రా, లైట్లు ఎన్నిసార్లు ఆర్పినా ఎవుడో మళ్లీ ఏస్తాండాడు. అందుకే నువ్వు స్నానంలో ఉండంగా, బ్యాటరీ నుంచి బండికి పోయే వైరే కింద చాసీ కాడ ఊడబీకేసినా. నీ బ్యాటరీ బతికిపోయింది పో!"

వైరు ఊడిపోయాక డబ్బా కరెంటు బండిదాకా ఎలా వెళ్తుంది? వైరు బిగించగానే జీపు సొంత బ్యాటరీతోనే బుర్రుమంది. డబ్బా పరీక్ష జరగనే లేదు!

కుప్పం చేరేసరికి పన్నెండుంబావు. బళ్లో ఇంటర్వ్యూలు అయిపోయాయి. కరస్పాండెంటుగారు బెంగుళూరు వెళ్లడానికి కారెక్కి కూర్చున్నారు. ఇందు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో కారు... టిక్, టిక్, టిక్! కదలదే! బ్యాటరీ డౌన్!

కరస్పాండెంటుగారు విసుక్కుంటూ దిగి, ఇందు చేతిలో సర్టిఫికెట్లు చూసి, "మెకానిక్ వచ్చేదాకా చేసేదేముంది? రామ్మా, నిన్ను కూడా చూసేస్తా" అని ఇందుని లోపలికి తీసుకెళ్లారు.

నరేంద్ర ఊపిరి పీల్చుకున్నాడో లేదో, కారు డ్రైవరు బాలప్ప జీపులోకి తొంగిచూశాడు. "అప్పా! అది బండి స్టార్ట్ చేసే డబ్బా గదా? ఇట్ల తే! సారుకు శానా అర్జెంటు. బండి రెడీ అయిందని సెప్తే సాలు, ఉన్నపళంగా లేచొచ్చేస్తాడు!"

పొద్దున్నుంచి కోరుకున్న అచ్చమైన డౌనైన బ్యాటరీ, బానెట్ ఎత్తి మరీ ఎదురుగా ఉంది. పొద్దు మునిగితే కదిరప్ప డబ్బా తీసుకోడు. లోపల ఇందు అప్పుడే కుర్చీలో కూర్చుంటోంది.

నరేంద్ర చేతులు మాత్రం అప్పటికే క్లిప్పులు పట్టుకుని ఉన్నాయి. మీరైతే ఏం చేసేవాళ్లు?