బేసినుకు పోయిన విడాకులు

"ఆ కాగితం పోతే మన గతేమిటి?" అని భోజనాల దగ్గర అడిగాను.

అప్పటికింకా కాగితం పోలేదు. బీరువా మీద బిస్కెట్ల డబ్బాలో భద్రంగానే ఉంది. మా ఆయన అబ్దెస్సమీ రొట్టెముక్క చిక్కుడుగింజల ఫూల్‌లో ముంచుకుంటూ, "ఉన్నదాని కోసం ఏడవడం నీకే చెల్లింది" అన్నాడు. మా అమ్మాయి రబాబ్ నవ్వింది.

అది రబాబ్ విడాకుల పత్రం. అయిదేళ్ళ కిందట మొగుడు సాబిర్ ఇచ్చి పోయినది. ఇన్నాళ్ళకు దేవుడి దయవల్ల ఇంకో సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు వగీహ్, బడిలో భూగోళం చెబుతాడు, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. రంజాన్ పండుగ వెళ్ళిన గురువారం పెళ్ళి. ఆ పత్రం చూడనిదే పెళ్ళి రాసే మాజూన్ కలం మూత తీయడు.

సంబంధం కుదిరిన వారంలోనే మా ఆయనకు, పెళ్ళయిన తరువాత మొదటిసారిగా, ఇల్లు సర్దాలనిపించింది. ఉపవాసాల నెల వస్తోంది కదా అన్నాడు. వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన ఫ్యాను, వాటితోపాటు బిస్కెట్ల డబ్బా ఇచ్చేసి, బదులుగా నీలం రంగు ప్లాస్టిక్ బేసిను తెచ్చాడు. బేరం బాగా కుదిరిందన్నాడు. నిజమే. అంత ఖరీదైన బేసిను మా జగాజీగ్ ఊరు మొత్తం మీద ఇంకొకరి ఇంట్లో లేదు.

నాకు వెంటనే అంతా కళ్ళకు కట్టింది. పెళ్ళి మధ్యలో పోలీసులు వస్తారు, ఒక ఆడదానికి ఇద్దరు మొగుళ్ళేమిటని రబాబ్‌ను, వగీహ్‌ను, మాజూన్‌ను, డోలువాళ్ళను కూడా పట్టుకుపోతారు. డోలువాళ్ళేం చేశారమ్మా అని రబాబ్ అడిగింది. వాళ్ళు మాత్రం చప్పుడు చేయలేదా అన్నాను.

బండివాడు ఎంత వెతికినా దొరకలేదు. మర్నాడే సర్కారు కచేరీకి వెళ్ళాం. గుమాస్తా గారు మర్యాదస్తులు. టీ గ్లాసు రిజిస్టరు మీద పెట్టి, మా మాట చివరిదాకా విన్నారు. విడాకులు రాసిన మాజూన్ చనిపోయాడట. ఆయన పుస్తకాలన్నీ ప్రభుత్వం వారి గోదాములోకి చేరాయట. అక్కడ పెళ్ళి పుస్తకాలు పై అరలో, విడాకుల పుస్తకాలు కింది అరలో పెట్టారట. ఆపైన గొట్టం పగిలింది. నీళ్ళు కిందికే పోతాయి కదా. ఆ విధంగా మా ఊళ్ళో కొన్నేళ్ళ విడాకులన్నీ ఒక్కరోజులో కరిగిపోయాయి. సంసారాలను నిలబెట్టడంలో పెద్దమనుషులెవరూ సాధించలేనిది ఒక గొట్టం సాధించింది.

"చూడమ్మా," అన్నారు గుమాస్తా గారు, గొంతు సవరించుకుని, "ప్రభుత్వం ఎవరినీ అనుమానించదు. ప్రభుత్వానికి తెలియదు, అంతే. పెళ్ళయిందనడానికి మా దగ్గర ఆధారం ఉంది. తెగిందనడానికి మీ దగ్గర ఉండాలి. నకలు కావాలంటే అసలు చూపించండి, క్షణంలో ఇస్తాను."

అసలుంటే నకలెందుకు సార్ అని అడిగేంత చదువు నాకు లేదు. ఆధారంగా బేసిను పట్టుకెళ్ళాను. స్వీకరించలేదు.

పోనీ గుర్తింపు కార్డు చూద్దామంటే, దాని మీద రబాబ్ ఇప్పటికీ సాబిర్ భార్యే. ఆనాడు కార్డు మార్పించలేదు. 'విడాకులు పొందినది' అని అచ్చువేస్తే ఆసుపత్రిలోనూ బ్యాంకులోనూ ప్రతివాడూ అదొక చూపుతో చదువుతాడని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ తీర్మానం వల్ల పరువు దక్కింది. మొగుడూ దక్కాడు.

ఆ సాబిర్ మాత్రం విడాకులిచ్చిన మరుసటి నెలలోనే ఇంకో పెళ్ళి చేసుకుని కువైట్ వెళ్ళిపోయాడు. అతన్ని పాత కాగితాలు ఎవరూ అడగలేదు. నోటిమాట సరిపోయింది. మగవాడికి నలుగురి దాకా చోటుంటుంది కనుక, మొదటి చోటు ఖాళీ అయిందో లేదో వంగి చూడాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. మేం ఫోను చేస్తే ఎంతో మంచిగా మాట్లాడాడు. "కావాలంటే మళ్ళీ ఇస్తానత్తయ్యా, నాదేం పోయింది" అన్నాడు.

అలా మళ్ళీ ఇస్తే, విడాకులైన ఆడది ఆగాల్సిన గడువు లెక్క ఈరోజు నుంచి మొదలవుతుందనీ, రబాబ్ ఇంకో మూణ్ణెల్లు ఆగాలనీ గుమాస్తా గారు చెప్పారు. ఆ మాట వగీహ్ తల్లి చెవిన పడింది. అంతదాకా ఆగడం దేనికి, మా అక్క కూతురికైతే ఏ కాగితమూ అక్కర్లేదు, దానికసలు పెళ్ళే కాలేదు అందట. గురువారం దాటితే ఈ సంబంధం ఉండదని నాకప్పుడే తెలిసిపోయింది. రబాబ్ తలుపు వెనక తగిలించిన పెళ్ళి గౌను తీసి, మడతపెట్టి, మంచం కింది పెట్టెలో పెట్టింది. పెట్టె మూత మాత్రం రెండుసార్లు తెరిచి చూసుకుంది.

చివరికి గుమాస్తా గారే దారి చూపించారు. బంధువులు కాని ఇరుగుపొరుగువాళ్ళు ఇద్దరు వచ్చి, ఈమెకు ఫలానా ఏట విడాకులయ్యాయని తమకు తెలుసని చెప్పి సంతకం పెడితే చాలునట.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా వీధిలో ఆ మాట తెలియనిదెవరికి? మాంసం కొట్టు హాజీ మెత్వల్లీ, విడాకులైన పిల్ల మన గడప తొక్కకూడదని అయిదేళ్ళ కిందటే భార్యకు ఆజ్ఞ ఇచ్చాడు. కాఫీ దుకాణం జెనీదీ, రబాబ్ అటు వెళ్ళినప్పుడల్లా కుర్చీ ఆమె వైపు తిప్పుకుని మరీ కూర్చుంటాడు. ఎదురు వాటా ఆవిడ ఉమ్ గాబిర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వీళ్ళెవరూ ఒక్కనాడూ కాగితం అడగలేదు. మీ వీధిలోనూ ఇలాంటి నిఖార్సయిన సాక్షులు ఉండే ఉంటారు. కాస్త మంచి చేసుకోండి, ఎప్పుడేం అవసరం పడుతుందో.

ముగ్గురినీ బతిమాలి కచేరీకి తీసుకెళ్ళాను. రబాబ్ నా కొంగు పట్టుకుని నిలబడింది. గుమాస్తా గారు కళ్ళజోడు పెట్టుకుని అడిగారు.

"ఈమె విడాకులు పొందిన మనిషని మీకు తెలుసా?"

హాజీ మెత్వల్లీ పైన తిరుగుతున్న ఫ్యానును చూశాడు. "ఊరి ఆడపిల్లల సంగతులు మనకెందుకు సార్? నేను తల వంచుకుని నడిచే మనిషిని" అన్నాడు. జెనీదీ, తన దుకాణం కుర్చీలన్నీ గోడవైపే ఉంటాయన్నాడు.

గుమాస్తా గారు మళ్ళీ అడిగారు. హాజీ చూపు ఫ్యాను మీంచి దిగలేదు. టీ చల్లారింది. బయట వరసలో ఉన్నవాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూశారు. నా కొంగు మీద రబాబ్ పిడికిలి బిగిసింది. గురువారం పోయింది, సంబంధం పోయింది, పిల్ల ముసలిదయ్యేదాకా సాబిర్ భార్యగానే ఉండిపోతుందని మనసులోనే ఏడుపు మొదలుపెట్టాను.

ఉమ్ గాబిర్ ఉస్సూరంటూ లేచి, బల్ల మీద కలం అందుకుంది.

"రాసుకో నాయనా, నాకు తెలుసు. వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. జెనీదీకి కాఫీ తాగుతూ చెప్పా. ఈ హాజీకైతే రెండుసార్లు చెప్పా. మొదటిసారి కొట్లో గిరాకీ ఉంది, సరిగ్గా వినపడలేదు, మళ్ళీ మొదట్నించీ చెప్పమన్నాడు."