రామ్మూర్తిగారి జబ్బుకు నామకరణం

మలికిపురం, రాజోలు పరిసర గ్రామాల ప్రజలకు తెలియజేయడమేమనగా, కొబ్బరి వర్తకులు శ్రీ రామ్మూర్తిగారి జబ్బుకు ఇంతవరకు పేరు దొరకలేదు. అన్వేషణ మూడో ఏట ప్రవేశించింది. పేరు లేదన్న కారణంగా మందులు మాత్రం ఎక్కడా ఆగలేదు.

జబ్బు ఇదీ: చేతివేళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. అరికాళ్ళ కింద ఎవరో దూది పరిచినట్టు ఉంటుంది. మెట్లు దిగాలంటే పక్కన గోడ కావాలి. ఇంకొకరికైతే ఇది ఇబ్బంది, రామ్మూర్తిగారికి దివాలా. ఆయన వ్యాపారమంతా ఆ వేళ్ళలోనే ఉంది. రాశిలోంచి కాయ తీసి, గోటితో ఒక్కసారి మీటి, లోపల నీళ్ళెంతో కొబ్బరెంతో చెప్పగలిగిన మనిషి. కురిడీకని ఆరబెట్టిన కాయ పూర్తిగా ఎండిందో లేదో చేతిలో పట్టుకుని ఊపితే వేళ్ళే కబురు చెప్పేవి. ఇప్పుడా వేళ్ళు మాట్లాడటం మానేశాయి. ఈమధ్య పచ్చి తగ్గని కాయల్ని కురిడీ అని లారీకెత్తించారు. ఎంత గౌరవంగా వెళ్ళాయో అంత గౌరవంగానే తిరిగొచ్చాయి. ఇంకొక్కసారి అలా జరిగితే కొట్టుకు తాళం వేసి, ఆ తాళం కూడా ఎవరిచేతో వేయించుకోవాలని ఆయనకు తెలుసు.

వైద్యుల వైపు నుంచి లోపమేమీ జరగలేదు. అమలాపురంలో గుండె డాక్టరుగారు, కాకినాడలో నరాల డాక్టరుగారు, రాజమండ్రిలో వెన్నెముక డాక్టరుగారు, అందరూ శ్రద్ధగా చూశారు. చిక్కల్లా రామ్మూర్తిగారి పెంపకంతోనే. గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగినవాడు పెద్దవాళ్ళ ముఖం మీద "లేదు" అనడు. గుండె డాక్టరుగారు ఆశగా ముందుకు వంగి, "ఛాతీ బరువుగా ఉంటుందా?" అన్నారు. "ఆయ్" అన్నారు రామ్మూర్తిగారు. "ఎడమ చెయ్యి లాగుతుందా?" "ఆయ్, లాగుతుందండి." అంత చదువుకున్న మనిషి నోరు తెరిచి అడిగితే ఉత్తచేతులతో పంపడానికి మనసెలా వస్తుంది? నరాల డాక్టరుగారు తల తిరుగుతుందా అంటే తిరిగింది. వెన్నెముక డాక్టరుగారు నడుం పడుతుందా అంటే పట్టేసింది. ఎవరికి కావలసిన సరుకు వారికి అందింది. వారు దాన్ని పట్టుకుని ఫొటోలు తీయించారు. ప్రతి ఫొటో "అంతా నార్మల్" అని వచ్చేది. మళ్ళీ పేరు దొరకలేదని ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

ఊళ్ళో మాత్రం ఈ వ్యవహారం లాభంలోనే నడిచింది. బీపీ ప్రతి గడపకీ ఉంది, షుగరైతే ఇంటికి ఇద్దరికి. పేరులేని జబ్బు ఒక్క రామ్మూర్తిగారికే ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు అరటిపళ్ళతోపాటు తలా ఒక నిర్ధారణ తెచ్చేవారు. ఒకరు వాతం అన్నారు, ఒకరు ఉప్పుగాలి అన్నారు. అన్నింటికీ ఆయన "ఆయ్" అన్నారు. రిటైర్డ్ హెడ్‌మాస్టరు సూర్యనారాయణమూర్తిగారు వరండాలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ వినపడేలా ఇలా సెలవిచ్చారు:

"ఇది సామాన్యమైన రుగ్మత కాదండి. సామాన్యులకు రాదండి. కాకినాడ వైద్యవిజ్ఞానం యావత్తూ చేతులెత్తేసిందంటే, అది మన మండలానికి ఎంతటి గుర్తింపో ఆలోచించండి! ఐనవిల్లి గుడికి వెళ్ళి ప్రదక్షిణాలు చేయించండి. పేరు అదే బయటపడుతుంది."

దూది మీద నడుస్తున్నట్టుండే కాళ్ళతో రామ్మూర్తిగారు ప్రదక్షిణాలు కూడా చేశారు. స్వామి ఏమీ అడగలేదు కాబట్టి "ఆయ్" అనే అవసరం పడలేదు. ఇన్నాళ్ళలో ఆయన అబద్ధమాడకుండా బయటికొచ్చిన చోటు అదొక్కటే.

చివరికి రాజోలులో కొత్తగా క్లినిక్ తెరిచిన డాక్టర్ కరుణ దగ్గరికి భార్య అన్నపూర్ణగారు ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళారు. ఆ డాక్టరమ్మదీ ఈ పాయల మధ్య కొత్తపేటే. ఇంట్లో తాతలూ మామయ్యలూ ఇదే సరుకు. మొదటి రెండు ప్రశ్నలకు "ఆయ్" రాగానే ఆమె పెన్ను కింద పెట్టింది.

"బాబాయిగారూ, చెవుల్లోంచి పొగ వస్తున్నట్టు ఉంటుందాండీ?"

"ఆయ్. అప్పుడప్పుడమ్మా."

"వెనకాల తోక మొలుస్తున్నట్టు?"

రామ్మూర్తిగారు కాస్త ఆలోచించారు. "ఆయ్. కూర్చునేప్పుడు కొంచెం అడ్డొస్తుందమ్మా."

అన్నపూర్ణగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఏవండీ! తోకేంటండీ, నలుగురూ వింటే ఏవనుకుంటారు?"

"ఆ అమ్మాయి అంత ప్రేమగా అడుగుతుంటే లేదంటే ఏం బాగుంటుందే!"

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది. "సరే బాబాయిగారూ, ఇప్పుడు నేను డాక్టర్ని కాదు. మీ ఒళ్ళు మీ సరుకు, నేను కొనడానికొచ్చేను. గుండె దెబ్బతిన్న సరుకండీ ఇది. ధర తగ్గించండి."

రామ్మూర్తిగారి నడుం దానంతటదే నిటారైంది. ఆ నడుమే కదా పట్టేసిందని రాజమండ్రిలో ఫొటో తీయించుకుంది.

"గుండెకేం? దివ్యంగా ఉంది."

"తల తిరుగుతుందట?"

"ఎవడు చెప్పేడు?"

"కడుపులో మంట?"

"నాకు జన్మలో లేదు!"

"మరి చేతులో?"

బేరం అక్కడ ఆగింది. ఆయన రెండు అరచేతులూ బల్ల మీద పరిచారు. "చేతులు పోయేయమ్మా. ఉన్న లోపం దాచి నేను అమ్మను."

ఆమె వాళ్ళు తెచ్చిన మందుల సంచి ముందుకు లాక్కుని అందులోంచి ఒక బిళ్ళల అట్ట తీసింది. "మంటే లేకపోతే, రోజూ ఈ మంట బిళ్ళ ఎందుకు వేస్తున్నారండీ?"

"అదా? ఎనిమిదేళ్ళ కిందట మా బావమరిదికి తోడుగా ఆసుపత్రికి వెళ్ళేనమ్మా. వాణ్ణి చూసేక డాక్టరుగారు నాకేసి తిరిగి, మీకూ మంటేనా అనడిగేరు. కాదంటే చిన్నబుచ్చుకుంటారేమోనని..."

మాంసం ముట్టని ఇల్లు, పైన ఏళ్ళతరబడి ఆ బిళ్ళ. రెండూ కలిసి ఒంట్లో బి12 అనే విటమిన్‌ను ఊడ్చేశాయి, నరాలు మొద్దుబారాయి. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ వైపు చూడకపోవడానికి కారణం, ఆయన దయతో ఒప్పుకున్న జబ్బులన్నింటినీ వెతకడంతోనే డాక్టర్లకు తీరిక లేకపోవడం. డాక్టరమ్మ మంట బిళ్ళ మాన్పించి, ఇంజక్షన్లు రాసి, "ఇది సగం మందేనండీ. లేనిదాన్ని లేదనడం మిగతా సగం" అంది.

ఈ వార్త మలికిపురానికి పిడుగులా తగిలింది. "విటమినా? అంతేనాండీ?" అని పలకరించడానికి వచ్చినవాళ్ళు అరటిపళ్ళు తిరిగి తీసుకెళ్ళినంత పనిచేశారు. సూర్యనారాయణమూర్తిగారు రెండు రోజులు బయటికి రాలేదు. అన్నపూర్ణగారి బాధ వేరు. "నా చేత్తో ఇన్నేళ్ళు నెయ్యి వేసి పెట్టేను. మావారికి తిండి చాల్లేదని ఊరంతా చెప్పుకుంటే నేనెక్కడ తలెత్తుకోను?" అని ఆవిడ ఇంకో డాక్టరుకి చూపించమని పట్టుబట్టారు. ఆ డాక్టరుగారూ అదే పేరు చెప్పారు. ఆవిడకు ఆయన మీద కూడా నమ్మకం పోయింది.

వేళ్ళకు మాత్రం ఈ పరువు గొడవలు పట్టలేదు. కొన్ని నెలలకు మెల్లగా స్పర్శ వచ్చింది. ఒకరోజు రామ్మూర్తిగారు రాశిలోంచి కాయ తీసి మీటారు, ఊపారు. "పచ్చి. ఇంకా ఆరాలి," అన్నారు. కొట్టించి చూస్తే పచ్చే. ఆయన కళ్ళు తుడుచుకున్నారు, కొబ్బరి పీచు పడిందన్నారు.

వ్యాపారస్తుడు గిట్టుబాటైన పద్ధతిని వదులుకోడు. మందులో రెండో సగాన్ని కూడా ఆయన అదే నిష్ఠతో వాడసాగారు. పెళ్ళికి తప్పకుండా రావాలంటే "రాలేనండి" అన్నారు. పొరుగింటి కొత్త మేడ రంగు ఎలా ఉందంటే "కళ్ళకు కొడుతోందండి" అన్నారు. వర్తక సంఘం సన్మాన సభలో సూర్యనారాయణమూర్తిగారు చాలాసేపు ప్రసంగించి, కిందికి దిగి, "ఎలా ఉందండీ?" అని అడిగితే, సభ మొత్తం "అద్భుతం" అంటుండగా ఈయన ఒక్కరే "సగానికే అయిపోవలసిందండి" అన్నారు.

సభ స్తంభించింది. ఇంతకాలం మహామహులకు అంతుచిక్కని జబ్బుకు ఆ సాయంత్రమే, రక్తం తీయకుండా, ఫొటో అక్కర్లేకుండా, హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవంగా పేరు పెట్టారు: పొగరు.

దీనికి వైద్యం లేదని, పలకరించడానికి వెళ్ళడం శ్రేయస్కరం కాదని కూడా తీర్మానించారు. అంటువ్యాధేమోనన్న అనుమానం ఒకటి ఉంది. మొన్న ఒక గృహప్రవేశంలో పులిహోర ఎలా ఉందని అడిగితే అన్నపూర్ణగారు "ఉప్పు చాల్లేదండీ" అన్నట్టు విశ్వసనీయ సమాచారం. అయినా ప్రజలు ఆందోళన చెందవలసిన పనిలేదు. మండలంలో మూడో కేసు ఇంతవరకు నమోదు కాలేదు.