డబ్బాకు డ్రైవర్ కావాలె

ఆ పొద్దున అక్షర వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. లాప్‌టాప్‌కు డబ్బా తగిలించాలి, డబ్బాకు లైట్లు తగిలించాలి, పరకాల పెళ్లివారు వచ్చేలోగా మేడ మీది స్టేజీని రంగులతో నింపేయాలి. మధ్యలో ఇడ్లీ కూడా తినొచ్చనుకుంది.

హనుమకొండ చౌరస్తా దగ్గర వాళ్ల నాన్న కిషన్ రావుకు చీరెల దుకాణం. పెళ్లి చీరెలన్నీ, వాటిని బొమ్మకు కట్టి చూపించే చిన్న స్టేజీ మేడ మీద ఉంటాయి. అక్షర చదివేది కంప్యూటర్ ఇంజనీరింగే గానీ పిచ్చి మాత్రం స్టేజీ లైట్లది. కాలేజీ ఫంక్షన్‌లో లైట్లాయన లాప్‌టాప్ మీద వేలు ఇలా జరపగానే స్టేజీ అంతా నీలంగా మారిపోయింది. అది చూసినప్పటి నుంచి ఆమెకు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోనిదే నిద్ర పట్టలేదు. అందుకే అగ్గిపెట్టెకు అన్నలా ఉండే ఒక యూఎస్‌బీ డబ్బా తెప్పించింది. కంప్యూటర్ మాట లైట్లకు అర్థం కాదు, డబ్బా మధ్యలో కూర్చుని తర్జుమా చేస్తుంది.

కిషన్ రావు దీనికి ఒక షరతు పెట్టాడు. "పరకాల చిలుకమ్మ మన పెద్ద గిరాకీ. మనుమరాలి పెండ్లికి చీరెలన్నీ మన కాన్నే తీస్తది. ఆమె ముంగట నీ లైట్లు మంచిగ వెలిగినయా, నీ ఇష్టం, ఏ స్టేజీకన్న పెట్టుకో. ఆగమైనయా, సెలవులల్ల గల్లా మీద కూసుంటవ్. మళ్ల లైటు మాట ఎత్తద్దు."

"ఓకే డాడీ," అంది అక్షర, వినీ వినకుండా.

లైట్లను ముందు రోజే దోస్తులు వెనుక మెట్ల మీదుగా పైకి చేర్చారు. అప్పుడు కిషన్ రావు ఏదో పెళ్లికి పోయి ఉన్నాడు. లైట్లు వచ్చేశాయన్న సంగతి ఆయనకు చెప్పాలని అక్షరకు తట్టలేదు. పొద్దున ఆయన చూసింది కూతురి చేతిలోని డబ్బాను మాత్రమే.

అక్షర డబ్బా తగిలించి సాఫ్ట్‌వేర్ తెరిచింది. పరికరం దొరకలేదంది. తీసి మళ్లీ పెట్టింది. దొరకలేదంది. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. అరే, ప్రాణం ఉంది, పలుకు లేదు, ఎందుకు? ఇడ్లీ చల్లారిపోయింది. నెట్‌లో వెతికితే విషయం తేలింది. డబ్బాను కంప్యూటర్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. అది లేదు.

మెట్ల దగ్గరికి వచ్చి కిందికి కేకేసింది. "డాడీ, లైట్లు ఇప్పుడే రావు. డ్రైవర్ లేదు."

కిషన్ రావు తల పట్టుకున్నాడు. "లేదు గాదు, లేడు అనాలె. ఇంగ్లీష్ మీడియంల ఏస్తే గిట్లనే అయితది," అని గొణిగి, దుకాణంలో చీరెలు చూపించే గోపాల్‌ను పిలిచాడు. "లైట్ల బండి యాడనో ఆగిందట. డ్రైవర్ లేడట. జర ఎవల్నన్న పట్టుకరా."

గోపాల్‌కు తెలిసిన డ్రైవర్ ఒక్కడే, బావ వరుసయ్యే కొమురెల్లి. ఫోన్ చేశాడు. "బావా, యాడున్నవ్?"

"సుబేదారిల ఉన్న. కిరాయికి అచ్చిన. గీళ్లు సుట్టాలింట్ల చాయ్ తాగుతాండ్లు."

"చాయ్ అయ్యేదాక ఏం జేస్తవ్? ఉరికిరా. డ్రైవర్ లేక మా సేటు లైట్లు ఆగినయ్. ఉత్త పది నిమిషాల పని."

కొమురెల్లి బండి తిప్పాడు. ఆ చాయ్ తాగుతున్నది చిలుకమ్మ అని గోపాల్ అడగలేదు, కొమురెల్లి చెప్పలేదు.

పైన అక్షర డ్రైవర్‌ను నెట్‌లోంచి దింపుకుని లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. అయినా డబ్బా పలకలేదు. ఇంకాస్త తవ్వితే ఇంకా గమ్మత్తైన సంగతి బయటపడింది. కంప్యూటర్‌లో ముందు నుంచీ ఉన్న డ్రైవర్ ఒకటి ఈ డబ్బాను ఇంకేదో యంత్రం అనుకుని గట్టిగా పట్టుకుని కూర్చుంది. కొత్తదాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. ఆ ముచ్చట ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేక మళ్లీ మెట్ల దగ్గరికి పరుగెత్తింది.

"డాడీ, రెండు డ్రైవర్లు ఉన్నయ్. ఒకదానికొకటి పడ్తలేదు. పాతదాన్ని తీసేస్తున్న."

సరిగ్గా అప్పుడే తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కొమురెల్లి గడప లోపల అడుగు పెట్టాడు. తాళంచెవి తిరగడం ఆగిపోయింది.

"ఏమన్నది సేటూ? దాన్ని తీసేస్తున్నా అన్నదా? నేనింక పనే మొదలువెట్టలేదు. మనిషిని పట్టుకొని దాన్ని అంటదా?"

"చిన్నపిల్ల కొమురెల్లీ, ఇంగ్లీష్ మీడియం," అన్నాడు కిషన్ రావు.

"మరి ఆ కొత్తోడెవడు? ఆనికీ నాకూ పడ్తలేదని ఎవలు జెప్పిండ్లు? ఆని మొఖమే నేను సూడలే."

కొమురెల్లిని కూర్చోబెట్టి చాయ్ తెప్పించేలోపే రెండు ఆటోలు దుకాణం ముందు ఆగాయి. ముందు దాంట్లోంచి చిలుకమ్మ దిగింది. వెనుక పెళ్లికూతురు రమ, ఆమె వెనుక మిగతా బలగం. చిలుకమ్మ కొంగు నడుముకు దోపి, బల్ల మీద కూర్చున్న కొమురెల్లిని చూసింది.

"వారి కొమురెల్లీ, మమ్ముల నడి హనుమకొండల ఇడిసిపెట్టి ఈడ కూసున్నవారా? రాని బండి కోసం ఎండల నిలబడి నిలబడి కాళ్లు గుంజవట్టె."

"నన్నెందుకంటవ్ పెద్దమ్మా. సేటే పిలిపిచ్చిండు. పిలిచి తీసేసిండు. కొత్తోన్ని పెట్టుకున్నడట."

చిలుకమ్మ కిషన్ రావు వైపు తిరిగింది. "నా డ్రైవర్ను గుంజుకున్నది గాక పెట్టుకోను గూడ పెట్టుకోలేదా? ఊళ్లె చీరెల దుకాణాలకు కరువా? రమా, నడువ్."

కిషన్ రావుకు కళ్ల ముందు పెళ్లి చీరెల కట్ట ఎదుటి దుకాణంలోకి నడిచిపోతున్నట్టు కనిపించింది. "అమ్మా, ఒక్క నిమిషం, పైన నా బిడ్డ..."

చిలుకమ్మ గడప దగ్గర ఆగింది. కోపం కంటే ఇంకొకటి ఆమెలో బలంగా ఉండేది. "పోయేది ఎట్లయిన పోతం. ఆ కొత్తోడు ఎవడో సూసే పోత. కొమురెల్లి కన్న ఏం ఎక్కువొచ్చిందో ఆనికి."

బలగమంతా మెట్లెక్కింది. అందరి వెనుక కొమురెల్లి కూడా.

పైన ఒక స్టేజీ, దాని చుట్టూ వెలగని లైట్లు, స్టేజీ మీద మీగడ రంగు పట్టుచీరె కట్టిన బొమ్మ, లాప్‌టాప్ ముందు జుట్టు రేగిన పిల్ల. అంతే.

"ఏడి?" అంది చిలుకమ్మ.

"ఎవరు అమ్మమ్మా?"

"డ్రైవర్."

"ఇగో." అక్షర డబ్బాను ఎత్తి చూపించింది. "దీని డ్రైవర్. లాప్‌టాప్ లోపల ఉంటది. ఇప్పుడే ఎక్కించిన. నాకూ ఇంక వెలుగుతదో లేదో తెల్వది."

కొమురెల్లి వంగి డబ్బాను కిందా మీదా చూశాడు. "గీని కోసమా నన్ను తీసేసింది?" అన్నాడు, సగం అవమానంతో, సగం తేలికపడి.

అక్షర తెర మీది ఎర్ర గీతను పైకి జరిపింది. బొమ్మ మీది చీరె ఎర్రబారింది. చిలుకమ్మ లాప్‌టాప్ ముందుకు జరిగింది.

"నేను జరపొచ్చా?" అంది చిలుకమ్మ.

ఎరుపు కొంత దించింది. నీలం కొంత ఎక్కించింది. "అబ్బ. పొద్దుగూకంగ పత్తిచేను గిట్లనే ఉంటది." ఇంకొంచెం నీలం. కాళ్ల నొప్పి మరిచిపోయింది. అక్షర ఆమె పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఏ గీత ఏ లైటుకు పోతుందో వేలితో చూపిస్తూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది. చివరకు చిలుకమ్మ చెయ్యి ఒకచోట ఆగింది. "గిదే. గీ రంగు చీరె కట్టియ్యి సేటూ, మా రమ పెండ్లికి."

చీరె కొనే ఎవరైనా చేసే పనే రమ కూడా చేసింది. బొమ్మ మీది చీరె విప్పించుకుని, ఎండలో చూడటానికి కిందికి తీసుకుపోయింది. తిరిగొచ్చి, "అమ్మమ్మా, ఇది ఉత్త మీగడ రంగే," అంది.

కిషన్ రావు గొంతు సవరించుకున్నాడు. అబద్ధం చెప్పడానికి ధైర్యం చాలలేదు. "అది చీరె రంగు కాదమ్మా. లైటు రంగు."

చిలుకమ్మ చీరెను ఒకసారి, లైటును ఒకసారి చూసింది.

"అయితే లైటు గూడ కట్టియ్యి."

"లైట్లు అమ్మేటియి కావమ్మా."

"అమ్మకుంటే మానె. పిల్లను తోలియ్యి. బిడ్డా, పెండ్లికి పరకాలకొచ్చి లైట్లు నువ్వే పెట్టాలె. ఈ చీరె, ఈ రంగు. మధ్యమధ్యల నేనొచ్చి జరుపుత."

అక్షర నాన్న వైపు చూసింది. కిషన్ రావు మెట్ల మీదుగా కిందనున్న గల్లా వైపు చూశాడు. చీరెల కట్ట ఎదుటి దుకాణం నుంచి వెనక్కి నడిచి వస్తోంది. "పో," అన్నాడు.

"లైట్లన్నీ నా బండ్లనే ఎక్కియ్యాలె మరి," అన్నాడు కొమురెల్లి. "ఈసారి నడిమిట్ల తీసెయ్యద్దు."

ఆ రోజు నుంచి బజారులో ఎవరు లైట్ల మాట ఎత్తినా కిషన్ రావు ఒకటే చెబుతున్నాడు. "కరెంటు, వైర్లు తర్వాత ముచ్చట. ముందుగాల డ్రైవర్ మంచిగుండాలె." ఎంత వెతికినా అందులో అక్షరకు దిద్దడానికి తప్పు దొరకలేదు.