ఇంకేమైనా కావాలా?

మూడో వ్యాన్ కూడా తమ ఇంటి ముందే ఆగడం చూసి సుష్మ గడప దాటి బయటికొచ్చింది.

మొదటి వ్యాన్‌లో కుర్చీలు వచ్చాయి. అడిగినవి ఇరవై, దిగినవి ఒక పల్లెకు సరిపడా. రెండోదాంట్లో వీధి వెడల్పు షామియానా. మూడోదాంట్లోంచి గెలలతో సహా అరటి చెట్లు, వాటి వెనకాల మనిషి కూర్చుని స్నానం చేయగలిగినంత పెద్ద గుండిగలు, గుండిగల వెనకాల గరిటెలు భుజాన వేసుకుని నలుగురు వంటవాళ్లు దిగారు.

"పొయ్యి యాడ పెట్టేది మేడమ్?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"ఎవురు పంపించినారన్నా మిమ్మల్ని?"

"మీరే కదా రమ్మనింది? సుష్మ మేడమ్ అంటే మీరే కదా?"

సుష్మ అంటే తనే. రమ్మన్నది మాత్రం తను కాదు. లోపల నుంచి పరుగెత్తుకొచ్చిన భర్త సురేంద్ర గుండిగల వైపు, భార్య వైపు మార్చి మార్చి చూసి అడిగాడు. "దామోదర్ ఇదంతా సూస్తే?"

సుష్మ వీధి చివరి దాకా చూసింది, కారేదైనా వస్తోందేమోనని.

సురేంద్ర చెల్లెలు వర్షిత, కుప్పం అబ్బాయి మునికుమార్ బెంగళూరులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. అబ్బాయి తండ్రి దామోదర్‌ను ఒప్పించేసరికి ఏడాది గడిచింది. ఒప్పుకున్నాక ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "నిశ్చితార్థం ఇంట్లో మాదిరి జరగల్ల. మేము పదిమందిమి వస్తాం, ముద్ద తిని పోతాం. ఆర్భాటం కనపడిందా, బండి తిప్పేస్తా." అది ఊరికే అన్న మాట కాదు. పెద్ద కొడుక్కి సంబంధం కుదిరి పలమనేరు పోయినప్పుడు, ఆ ఇంటి ముందు బ్యాండు మేళం చూసి చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి వచ్చిన ఘనుడాయన. ఆ సంబంధం అక్కడితో సరి.

ఇప్పుడాయన కుప్పం నుంచి బయల్దేరి వి.కోట దాటాడని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. పుంగనూరులో ఈ ఇంటి ముందు అరటి చెట్లు నిలబడి ఉన్నాయి.

అంతా ఆ స్క్రిప్టు వల్ల వచ్చింది. ఆ మాత్రం సుష్మకు తెలుసు. ఆమె మదనపల్లె దగ్గర అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది. ఏర్పాట్ల కోసం పదే పదే ఫోన్లు చేయలేక పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసింది. నల్ల తెర మీద "ఏం కావాలి?" అని ప్రశ్న వస్తుంది. టైపు చేసి ఎంటర్ కొడితే ఆ మాట నేరుగా మదనపల్లెలో వెంకటరమణ ఫోన్‌కు పోతుంది. షామియానా నుంచి సన్నాయి దాకా అన్నీ అతనే సప్లయి చేస్తాడు. వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. "ఇంకేమైనా కావాలా? (y/n)". y కొడితే మళ్లీ మొదటికి, n కొడితే ముగింపు. ల్యాబులో పిల్లలు కొట్టే పిచ్చి జవాబులు చూసి చూసి, ఆ రెండు అక్షరాలు తప్ప ఏది కొట్టినా అదే ప్రశ్న మళ్లీ అడిగేలా కట్టుదిట్టం కూడా చేసింది.

నిన్న సాయంత్రం కుర్చీలు, తమలపాకులు, బంతిపూలు పంపమని కొట్టింది. అంతలో కాలేజీ నుంచి ఫోన్ వస్తే డాబా మీదకు వెళ్లింది. తిరిగొచ్చాక పూలు కట్టే పనిలో పడి ల్యాప్‌టాప్ సంగతే మరిచిపోయింది. ఇప్పుడు చూస్తే టేబుల్ మీద ల్యాప్‌టాప్ లేదు.

"ఎవరో కావాలనే చేసినారు. చేసి సాక్ష్యం మాయం చేసినారు," అంది సుష్మ. అనుమానం సూటిగా మామ ఎల్లప్ప మీదకు పోయింది. పాల సొసైటీలో ఉద్యోగం చేసి రిటైరైన ఎల్లప్ప, ఒక్కగానొక్క కూతురికి మేళం లేకుండా నిశ్చితార్థమేందని వారం రోజులుగా గొణుగుతున్నాడు.

"మామా, నిజం చెప్పండి. మీరేనా?"

"మా అమ్మ తోడు, నేను గాదు! ఆ నల్ల డబ్బాని నేను ముట్టుకుంటే ఒట్టు. నీ మొగుణ్ణి అడుగు, రాత్రీ పగలూ దాని ముందరే ఉంటాడు."

"నేను సూసేది క్రికెట్ నాయనా!" అన్నాడు సురేంద్ర.

విచారణ పక్కన పెట్టి సుష్మ వెంకటరమణకు ఫోన్ చేసింది. "అన్నా, పొరపాటు జరిగింది. అన్నీ వెనక్కి తీసుకోండి."

"ఎంత మాటమ్మా! శుభకార్యానికి బయల్దేరిన బండిని తిప్పకూడదు. మా నాయన కాలం నుంచి మన అంగట్లో లేదు, కాదు అనేది లేదు."

"ఇంకా ఏమేమి వస్తాండాయి?"

"నేను చెప్తే ఏం బాగుంటాది? మీరే సూసి సంతోషపడల్ల," అని పెట్టేశాడు.

పెరట్లో అత్త చెంగమ్మ వంటవాళ్లకు మజ్జిగ పోస్తోంది. ఆ గడబిడలో నిదానంగా ఉన్న మనిషి ఆమె ఒక్కతే. "ఎండలో నిలబడినారే, నీడకి రాండప్పా. పొయ్యికి అదో, ఆడ చోటు చేసినా."

"అత్తా, మీరైనా చెప్పండి, ఇవన్నీ వద్దని!"

చెంగమ్మ చెంబు కింద పెట్టి చెంపలు వేసుకుంది. "ఎంగేజ్‌మెంట్ ఇంట్లో ఆ మాట నోట్లోకి ఎట్లొచ్చిందే తల్లీ? పోయి మొహం కడుక్కో."

ఆ ఇంట్లో ఉప్పు ఏనాడూ అయిపోలేదు, నిండుకుంది. దీపం ఏనాడూ ఆరిపోలేదు, కొండెక్కింది. చెంగమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి శుభకార్యం తలపెట్టిన ఇంట్లో లేదు, వద్దు, చాలు అనే మూడు మాటలకు గడప లోపల చోటు లేదు. అత్తతో లాభం లేదని సుష్మ వీధిలోకి పరుగెత్తింది.

వీధిలో సన్నాయి వాళ్లు దిగుతున్నారు. వాళ్ల వెనకే కీలుగుర్రాల వాళ్లు, నడుముకు రంగురంగుల గుర్రం బొమ్మలు తగిలించుకుని, కాళ్లకు గజ్జెలతో. ఆ వెనక ట్రాలీ ఆటోలో చౌడేపల్లె నుంచి మెడలో పూలదండతో ఒక పొట్టి ఆవు.

"పుంగనూరులో ఉండి పుంగనూరు ఆవును బయట నుంచి తెప్పిస్తారా ఎవురన్నా?" ఎల్లప్ప నెత్తి పట్టుకున్నాడు.

"గోపూజకని ఆర్డరు సార్," అన్నాడు ఆటో డ్రైవరు.

అప్పుడే మునికుమార్ ఫోన్. "అక్కా, పలమనేరు దాటినాం. మీకొక విషయం చెప్పల్ల. చిన్న సమస్య..."

ఆవు అంబా అంది. సుష్మ ఫోన్‌ను అరచేత్తో మూసి, తీసింది. "ఈడ ఏ సమస్యా లేదు మునీ! అంతా సింపుల్. మీరు మెల్లగా రాండి, బాగా మెల్లగా!" అతను "అది కాదక్కా" అంటూ ఉండగానే పెట్టేసింది. మళ్లీ మోగింది. ఎత్తలేదు.

ఇక దాచడమే మిగిలింది. సురేంద్ర కీలుగుర్రాలను ఇద్దరిద్దరుగా బాత్‌రూమ్‌లోకి తోశాడు. ఎల్లప్ప సన్నాయి వాళ్లను పక్కింటి హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టాడు. "ఊదకుండా కూర్చుంటే వాయిద్యానికి అచ్చిరాదు పెద్దాయనా," అని వాళ్లు మొరపెట్టుకుంటే చేతులు జోడించాడు. ఆవు పెరట్లోకి పోయి అరటి గెల మీద పడింది. షామియానా మాత్రం విప్పదీసే కొద్దీ ఇంకో వైపు నుంచి పైకి లేచింది. ముడులు వేసిన కుర్రాళ్లు అప్పటికే చౌడేపల్లె పెళ్లికి వెళ్లిపోయారు.

పట్టుచీరలో గడప దగ్గర నిలబడిన వర్షిత ఏడవలేదు. ఏడిస్తే కాటుక చెదురుతుంది. "వదినా, ఆయన వెనక్కి పోతే నేనూ ఆ బండెక్కుతా. ముందే చెప్తాండా," అంది. అని, దేవుడికి దండం పెట్టుకోవడానికి పూజగదిలోకి వెళ్లింది.

వీధి చివర హారన్ వినిపించింది.

వచ్చింది కారు కాదు, బస్సు. దాని వెనకాల ఇంకో బస్సు. మొదటి బస్సు మెట్ల మీద నుంచి దామోదర్ దిగాడు. తెల్ల చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. షామియానా చూశాడు. అరటి చెట్లు చూశాడు. సరిగ్గా అప్పుడే బాత్‌రూమ్ తలుపు తోసుకుని, గాలాడక, ఒక కీలుగుర్రం బయటికి వచ్చింది. దామోదర్ దాన్నీ చూశాడు.

సుష్మ కళ్లు మూసుకుంది.

"ఎల్లప్ప బావా," అన్నాడు దామోదర్. "నన్ను మన్నించల్ల."

సుష్మ ఒక కన్ను తెరిచింది.

"పదిమందే అని చెప్పిన మాట నిజమే. రాత్రి మా పెద్దమ్మ అడిగింది, నేనూ వచ్చేదా అని. మంచి పనికి వస్తానంటే వద్దని ఎట్లంటాం బావా? ఆమెకి సరే అంటే ఆమె కోడళ్లు. కోడళ్లకి సరే అంటే వీధి వీధంతా. మా మునిగాడు మీకు చెప్పాలని ఫోన్ మీద ఫోన్ చేసినాడు. ఇంతమందికి మీరు యాడ కూర్చోబెడతారు, ఏం పెడతారు అని నాకు దారి పొడుగునా ముద్ద మింగుడు పళ్లేదు." షామియానా నీడలో వరుసగా ఉన్న కుర్చీలను, పెరట్లో పొగలు కక్కుతున్న గుండిగలను చూస్తూ ఆయన కండువాతో కళ్లొత్తుకున్నాడు. బస్సుల్లోంచి దిగిన పిల్లలు అప్పటికే కీలుగుర్రం తోక పట్టుకుని వేలాడుతున్నారు.

"మేము చెప్పకనే మా అవస్థ తెలుసుకున్నారు. ఇదంతా చేసింది ఎవురు బావా?"

"నేనే," అన్నాడు ఎల్లప్ప చెయ్యెత్తి, ఒక్క క్షణం ఆలస్యం కాకుండా.

"నేనూ ఒక మాట సాయం చేసినా," అన్నాడు సురేంద్ర.

అంతలో పూజగదిలోంచి వర్షిత వచ్చింది. చేతుల్లో ల్యాప్‌టాప్. దాని మూతకు నాలుగు వైపులా పసుపు, నడుమ కుంకుమ బొట్టు, పైన ఒక బంతిపువ్వు. "దేవుడి పటాల నడుమ ఉంది వదినా," అంది.

సుష్మ తెరిచింది. నల్ల తెర వెలిగింది. తను రాసిన ప్రశ్న, దాని కింద ఫోన్‌లో మెసేజ్ కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చ చిత్తూరు తెలుగు.

ఇంకేమైనా కావాలా? (y/n): సూద్దాంలే.
y లేదా n మాత్రమే కొట్టండి.
ఇంకేమైనా కావాలా? (y/n): మీ ఇష్టం నాయనా.
y లేదా n మాత్రమే కొట్టండి.
ఇంకేమైనా కావాలా? (y/n): మీరు అన్నం తిన్నారా?
y లేదా n మాత్రమే కొట్టండి.
ఇంకేమైనా కావాలా? (y/n): y

ఆ కింద కుర్చీలు. y. షామియానా. y. గుండిగలు, వంటోళ్లు. y. అట్లా ఆవు దాకా. n ఎక్కడా లేదు. అన్నిటికన్నా కింద, రాత్రంతా పడుకుని లేచిన ప్రశ్న ఇంకా జవాబు కోసం మిణుకుమిణుకుమంటోంది.

తన కట్టుదిట్టం ఏం చేసిందో సుష్మకు అర్థమైంది. బయటపడడానికి వద్దు అనే ఒకే తలుపు పెట్టింది, ఆ తలుపు ముట్టుకోని మనిషిని లోపల కూర్చోబెట్టింది. తలెత్తి చూస్తే చెంగమ్మ వియ్యపురాలి తలలో పూలు తురుముతోంది.

"అత్తా..."

"ఇంటికొచ్చి అంత మర్యాదగా అడుగుతాంటే బదులు చెప్పకుండా ఎట్లుంటాం?" అంది చెంగమ్మ గొంతు తగ్గించి. "పాపం, అడిగి అడిగి దానికే నిద్రొచ్చినట్టుంటే మూత వేసి దేవుడి దగ్గర పండబెట్టినా."

సుష్మ వేలు n మీదకు పోయింది. చెంగమ్మ పూలు తురమడం ఆపి చూసింది. సుష్మ ల్యాప్‌టాప్ మెల్లగా మూసేసి, బంతిపువ్వు మళ్లీ పైన పెట్టింది.

"చెప్పు తల్లీ," అన్నాడు దామోదర్. "ఎవురు చేసినారు?"

"మా అత్త," అంది సుష్మ, పక్కింట్లో సన్నాయి వాళ్లకు కూడా వినపడేట్టు. "చెంగమ్మ!"

ఎల్లప్ప, ఎత్తిన చేతిని ఎక్కడ దించాలో తెలియక, పెరట్లోంచి వచ్చి పక్కన నిలబడిన ఆవు వీపు నిమిరాడు.