చూడని సాక్షులు ఆరుగురు

ఆ సోమవారం ఎర్రన్న వేసుకున్న లెక్క చిన్నదే. వర్నిలో ఎనిమిది గంటల బస్సెక్కాలి, నిజామాబాద్‌లో వకీలు పుష్పలతను కలిసి కాగితాల మీద సంతకం పెట్టాలి, మధ్యాహ్నం బువ్వ వేళకు ఇంటికి రావాలి. నాలుగు నెలల కింద బోధన్ రోడ్డు మలుపులో ట్రాలీ ఆటో గుద్ది అతని కాలు విరిగింది. కాలిలో రాడ్డు వేయించడానికి పాడిబర్రెను అమ్ముకున్నారు. నష్టపరిహారం వస్తే ముందు బర్రెనే తేవాలని భార్య భూమవ్వ పట్టు. పాలు పిండే వేళకు ఆమెకు ఇంకా మెలకువ వచ్చేస్తోంది. ఖాళీ కొట్టం చూసి కళ్ళు తుడుచుకుంటోంది.

ఆటో నడిపిన గులాంది బోధన్. గుద్దినవాడే ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోయాడు. ప్రతి శుక్రవారం అరటిపళ్ళతో పరామర్శకు వచ్చి మంచం పక్కన గంటసేపు కూర్చుంటాడు. ఇంత మంచివాడి మీద కేసేమిటని ఎర్రన్న పదిరోజులు పోలీసుల గడప తొక్కలేదు. డబ్బు కట్టేది ఇన్సూరెన్సు కంపెనీయేనని తెలిశాక గానీ ఫిర్యాదు ఇవ్వలేదు. ఆ ఆలస్యాన్ని పట్టుకుని, అసలు ఆ ఆటోయే గుద్దిందని రుజువేమిటని కంపెనీ అడిగింది.

"చూసినోడు ఒక్కడు గావాలె ఎర్రన్నా. గులాంనే రమ్మను, ఆయన చెప్తె చాలు" అంది పుష్పలత.

"గట్లెట్లయితది వకీలమ్మా? ఇంటికొచ్చి పండ్లిచ్చిపోయే మనిషిని బోనెక్కిచ్చి, గుద్దింది నువ్వే గదా అని అడిగిస్తనా? సూసినోళ్లను నేనే తెస్త."

చూసినవాళ్ళెవరూ లేరు. ఆవేళ మలుపులో ఉన్నది ఎర్రన్న, గులాం ఇద్దరే. సంగతి విన్న భూమవ్వ తమ్ముడు శివకుమార్ మాత్రం, "నేనుండంగ గా రంది నీకెందుకు బావా?" అన్నాడు.

బావమరిదిని పిలిచి సొంతవాళ్ళను పిలవకపోవడం పెళ్ళికి పిలవనంత తప్పు. పెద్దనాయన కొడుకు రవీందర్ అలిగాడు, అతన్నీ చేర్చారు. చిన్నమ్మ గంగమణి మూతి ముడిచింది, ఆమెనూ చేర్చారు. వారం తిరిగేసరికి సాక్షులు ఆరుగురయ్యారు.

"గంతమంది చూసిండ్రంటే, గా మలుపుల జాతరేమన్న ఉండెనా?" అని అడిగింది పుష్పలత. నిజంగానే చూశారా అని మూడుసార్లు అడిగితే ఎర్రన్న మూడుసార్లూ గోడవంక చూసి తలూపాడు. ఒక్కరిని తీసేసినా ఇక బతికినన్నాళ్ళు ఆ ఇంటికి పోలేనని మొత్తుకున్నాడు. ఆమెకు అనుమానం తీరలేదు గానీ ఆరు పేర్లూ రాసుకుంది.

సాక్షులు శ్రద్ధగలవాళ్ళే. బండి నంబరు, రంగు, వేళ పిల్లలు ఎక్కాలు వల్లెవేసినట్టు వల్లెవేశారు. ఒకరు చెప్పేది మరొకరు వినకుండా మిగిలినవాళ్ళను బయట కూర్చోబెట్టడం కోర్టు పద్ధతి. అది వీళ్ళకెవరూ చెప్పలేదు. ఆటోలో ఏం సామానుందని కంపెనీ వకీలు అడిగాడు. శివకుమార్ ఇటుకలన్నాడు. రవీందర్ చెరుకన్నాడు. గంగమణి రెండు మేకలని, అందులో ఒకటి సూడిదని చెప్పింది. మిగతా ముగ్గురూ తలా ఒక సరుకు ఎక్కించారు.

పుష్పలత తల పట్టుకుంది. కోర్టులో వెనక నిలబడి ఉన్న గులాంను తనే బోనులోకి పిలిచింది.

"నేనే గుద్దిన సాబ్. ఆటో ఖాళీగుండె. గాడ మేమిద్దరమే ఉన్నం, ఇంకెవ్వలు లేకుండె" అన్నాడు గులాం.

కంపెనీ వకీలు చాలా మర్యాదగా, ఎర్రన్న ఇంటికి పోతుంటావా అని అడిగాడు. ప్రతి శుక్రవారం పోతానన్నాడు గులాం. ఉత్త చేతులతోనా అంటే, పళ్ళు పట్టుకుపోతానన్నాడు.

"ఎందుకు?"

"తప్పు నాది గదా సాబ్."

ఇది ప్రమాదం కాదు, ఇద్దరు దోస్తులు కలిసి ఆడిన నాటకమని వాదించాడు కంపెనీ వకీలు. నెల తర్వాత తీర్పొచ్చింది. ఎర్రన్న కాలు విరిగిన మాట నిజమేనట, ఎవరు విరగ్గొట్టారో మాత్రం తేలలేదట. కేసు కొట్టేశారు.

ఆ సాయంత్రం ఆరుగురు సాక్షులూ పరామర్శకు దిగారు. శుక్రవారం కాకపోయినా గులాం కూడా వచ్చాడు. ఎర్రన్న ఎవరి మొహమూ చూడలేక కాలివంక చూస్తూ కూర్చున్నాడు.

"పై కోర్టుకు పోదాం బావా. గీసారి ఇంకో నలుగుర్ని తెస్త" అన్నాడు శివకుమార్.

భూమవ్వ దుకాణానికి పోయి, ఏడుగురి చాయ్‌కు పాల ప్యాకెట్లు కొనుక్కొచ్చింది.